ఒకుమా దగ్గు

1915 మే 11

మబ్బు. ఎండ లేకపోతే మా స్టూడియోలో పని ఆగిపోతుంది. పొద్దున్నే ముఖాలకి తెల్లరంగు పూసుకుని గాజు కప్పు కింద కూర్చున్నాం. మధ్యాహ్నానికి రంగు ఎండి పెచ్చులూడింది. ఆకాశం మాత్రం కరుణించలేదు.

డైరెక్టర్ ఇవాసేకి పని లేకపోతే నోరు ఊరుకోదు. నా పక్కన చతికిలబడి, ఉమెకిచీ, నువ్వు వేసే ఆడవాళ్ళంతా స్టేజీ మీంచి నేరుగా దిగొచ్చినట్టు ఉంటారేంటయ్యా, ఏ ఇంట్లో పెళ్ళాం అలా నడుస్తుంది, అలా నడిస్తే పొయ్యి దగ్గరకి చేరేసరికి తెల్లారిపోదూ, అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మండిపోయింది.

పదహారో ఏట నుంచి ఆడవేషాలు కడుతున్నాను. సన్న మెడ ఉన్నవాళ్ళకి రాజకుమార్తెలు, కన్నీళ్ళు పెట్టుకునే వేశ్యలు. నాది ఎద్దు మెడ. నాకు అత్తలు, సారా కొట్టు ముసలమ్మలు. నాటకం కంపెనీ మూతబడ్డాక సినిమాలోకి వచ్చాను. ఇక్కడా మెడ అదే.

వచ్చే వారం నుంచి ఒక కామెడీ. ఒకుమా అనే గయ్యాళి పెళ్ళాం, ఆమెకో చవట మొగుడు. ఒకుమా నేనే. ఇది తేలకపోతే ఇంక ఇంటిదారి పట్టమని ఇవాసే చెప్పకనే చెప్పాడు.

1915 మే 13

ఇవాళా మబ్బే. ఇంట్లో చాప మీద పడుకుని దొర్లుతున్నాను. మా ఆవిడ షిగె వంట పనిలో ఉంది.

ఆరేళ్ళ కాపురంలో ఆమెని ఇలా ఎప్పుడూ చూడలేదు. కిమోనో చేతులు పైకి కట్టుకోవడానికి తాడు కొస పళ్ళ మధ్య పట్టుకుంది. అది ఆడవాళ్ళందరూ చేసేదే. కానీ షిగె తాడు పళ్ళలో ఉండగానే మాట్లాడుతుంది. కట్టడం పూర్తయ్యేదాకా ఆగదు. చోషి రేవులో పుట్టిన మనిషి, సముద్రపు గాలి మీద అరుస్తూ పెరిగింది. ఆగడమంటే తెలియదు. పొయ్యి ఊదుతుంది, ఊదిన గొట్టంతోనే నన్ను చూపించి తిడుతుంది. ముల్లంగి కొనేముందు పసిపిల్లాడి పిర్ర మీద కొట్టినట్టు దాన్ని ఒక్కటి కొట్టి చూస్తుంది.

తర్వాత చేపలవాడు వచ్చాడు. నిన్న ఇచ్చినవి కుళ్ళిపోయాయని వాడి మీద పడాలి. పడేముందు చెయ్యి మడిచి నోటికడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గింది. ఖళ్, ఖళ్. యుద్ధానికి ముందు శంఖం ఊదినట్టు. ఆ దగ్గు వినగానే వాడు ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకా ఒక్క తిట్టు కూడా పడలేదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పదహారేళ్ళు నేను ఊరంతా తిరిగి మందు వెతికాను.

1915 మే 20

ఎండ! ఒకుమా మొదటి సీను. తాడు పళ్ళలో పెట్టుకుని పెదాలాడించాను. గొట్టంతో మొగుణ్ణి చూపించాను. చివర్లో భుజాలెగరేసి రెండుసార్లు దగ్గాను.

కెమెరా తిప్పేవాడు నవ్వి నవ్వి చెయ్యి ఆపేశాడు. ఫిల్మ్ పాడైంది. ఇవాసే వాణ్ణి తిట్టబోయి తనూ నవ్వేశాడు. మళ్ళీ తీశాం. మళ్ళీ నవ్వారు.

ఇంటికొచ్చి షిగెకి అంతా చేసి చూపించాను. అయ్యో అయ్యో నేనలా ఉంటానా, అంటూ పొట్ట పట్టుకుని కూలబడిపోయింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, అలా కాదండీ, ముడి వేసేటప్పుడు మోచెయ్యి పైకి లేవాలి, ఇటు రండి, అంది. నా వెనక నిలబడి నా మోచెయ్యి పట్టుకుని నేర్పింది. ఆమె చేతులు పొగ వాసన. చాలా సంతోషంగా ఉన్నాను.

1915 ఆగస్టు 8

ఒకుమా సినిమా పడింది. అసకుసా హాలు ముందు జనం. తోపులాటలో గొడుగులు విరిగాయి. నవ్విన నాపచేనే పండిందిరా ఇవాసే!

తెర పక్కన నిలబడి బొమ్మలకి మాటలు చెప్పే బెన్షీ కొసుయి గొప్ప గొంతున్న మనిషి. తెర మీద నా భుజాలు కదిలినప్పుడల్లా ఆయన ఖళ్ ఖళ్ అని దగ్గాడు. రెండో రీలు వచ్చేసరికి జనమే దగ్గడం మొదలుపెట్టారు. ఆయన నోరు కట్టేసుకుని నిలబడ్డాడు. హాలు హాలంతా ఒక్క గొంతుతో దగ్గింది.

నేను వెనక వరసలో చీకట్లో కూర్చుని ఏడ్చాను. ఎవరికీ చెప్పను.

1915 సెప్టెంబరు 2

షిగె పక్కింటి ఒతాకి అక్కతో కలిసి సినిమాకి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు కొత్త కిమోనో కట్టుకుంది. ఎలా ఉందని అడిగితే బాగుంది అంది. ఒతాకి అక్క మాత్రం, హాల్లో మీ ఆవిడ ఖళ్ మని దగ్గేసరికి ముందు వరసవాడు వెనక్కి తిరిగి చూశాడు ఉమెకిచి గారూ, ఒరే ఒకుమా ఇక్కడే ఉందిరా అని కేకపెట్టాడు, ఇంక చూడండి అందరూ లేచి నిలబడ్డారు, అని చెప్పి పడీ పడీ నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. పేరొచ్చిందంటే ఇదే కదా.

1916 మార్చి 19

ఈ నెల్లో రెండు సినిమాలు. ఒకుమా స్నానాల ఇంట్లో, ఒకుమా గుడి తిరనాళ్ళలో. నా బొమ్మతో కార్డులు అమ్ముతున్నారు. టోఫు అమ్మే వాడు డబ్బు తీసుకోనన్నాడట. షిగెతో, ఒకుమా గారూ, ఒక్కసారి దగ్గండమ్మా, అదే చాలు, అన్నాడట. ఆమె టోఫు అక్కడే వదిలేసి వచ్చింది.

ఇంత చిన్నదానికి అలగాలా అన్నాను. అలగలేదండీ, ఆకలి పోయింది, అంది.

1916 మార్చి 30

షిగె తాడు ముందుకి తెచ్చి చేత్తో ముడి వేసుకుంటోంది. పళ్ళతో పట్టుకోవడం లేదు. ఎందుకో.

1916 జూన్ 6

ఎందుకో తెలిసింది. మా సందు చివర పిల్లలు రోజూ ఆమె వెనకాలే నడుస్తూ దగ్గుతున్నారు. నీళ్ళకి వెళితే దగ్గు. ముల్లంగి మీద చెయ్యి వేస్తే దగ్గు. వీధి స్నానశాలలో ఆడవాళ్ళు తొట్టిలో చుట్టూ చేరి, నువ్వు ఆయనకి నేర్పావా ఆయన నీకు నేర్పాడా చెప్పవే, అని ఏడిపిస్తారట. ఇప్పుడు రెండు వీధులు దాటి వేరే స్నానశాలకి వెళుతోంది. తల తుడుచుకోకుండా వానగాలిలో వస్తుంది.

వాళ్ళకి నువ్వంటే ప్రేమే షిగే, అన్నాను. అవును, నేనంటేనే, అంది. ఎగతాళో కాదో అర్థం కాలేదు. దగ్గు మాత్రం దగ్గలేదు.

1916 నవంబరు 14

కష్టంగా ఉంది. ఇవాసే కొత్తది కావాలంటాడు. తాడు అయిపోయింది, గొట్టం అయిపోయింది, ముల్లంగి అయిపోయింది. ఇంట్లో కొత్తదేమీ పుట్టడం లేదు. షిగె చాప మీద బొమ్మలా నడుస్తోంది. గిన్నెలు చప్పుడు కాకుండా దించుతోంది. చేపలవాడు మొన్న కుళ్ళిన చేపలిస్తే తీసుకుంది. తీసుకుని, డబ్బిచ్చి, తలుపేసింది.

ఇలాంటి ఆడదాన్ని చూసి ఎవడు నవ్వుతాడు?

1917 జూలై 22

ఇవాళ ఒక పని చేశాను.

షిగె ఏడాదికోసారి ఉప్పు రేగు ఊరబెడుతుంది. వాళ్ళమ్మ చెప్పిన లెక్క. జూన్‌లో ఊరేసి, ఎండలో పెట్టి, ఎర్రాకు కలిపి, పసిపిల్లలా చూసుకుంటుంది. ఆ జాడీని వెనక గుమ్మంలో నా మోచేత్తో తోసేశాను. పొరపాటున తగిలినట్టు. తర్వాత గుమ్మానికి ఆనుకుని నిలబడి చూశాను. ఇప్పుడు చెయ్యి మడుస్తుంది, ఇప్పుడు దగ్గుతుంది, ఇప్పుడు నా ఏడు తరాలనీ కడిగేస్తుంది అని. చోషి రేవంతా వచ్చి నా మీద పడాలి.

ఆమె వంగింది. పెంకుల మధ్య నుంచి ఒక్కొక్క కాయా ఏరింది. బావి దగ్గర కడిగింది. కొత్త జాడీలో వేసింది.

వారం రోజులుగా నేను వేసుకున్న ఎత్తు పాడైందని నాకు ఒళ్ళు మండింది. చివరికి నేనే అరిచాను, తిట్టవేమే, నోరు పడిపోయిందా, అని. అప్పుడు చెప్పింది. కోపంగా కూడా కాదు. నేనేం చేసినా మీకు పనికొస్తోందండీ, ఎవరికీ పనికిరానిది ఒక్కటైనా నా దగ్గర ఉంచుకుందామని చూస్తున్నాను, అంది.

మాట బాగుంది. కానీ మాట తెర మీద కనబడదు.

1917 జూలై 23

నిన్న రాసింది చదువుకున్నాను. చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టలేదు.

1917 అక్టోబరు 7, సాయంత్రం 4 గంటలు

బెన్షీ కొసుయి గారు ఇంటికొచ్చారు. మిఠాయి పెట్టె తెచ్చారు. అసలు గొంతు ఒక్కసారి వినాలయ్యా, నేనెప్పుడూ నా ఊహలోంచే దగ్గుతున్నాను, ఒక్కసారి మీ ఆవిడ చేత దగ్గించు, ఊళ్ళో మిగతా బెన్షీలందరినీ తన్నేస్తాను, అన్నారు.

షిగె టీ పెట్టింది. గోడవారన కూర్చుంది. కిమోనో చేయి కొస నోట్లో కుక్కుకుని తల వంచుకుంది. కొసుయి గారు హాల్లో లాగే రకరకాల గొంతులు తీసి నవ్వించబోయారు. ఆమె ముఖం ఎర్రబడింది. మెడ నరాలు పొంగాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూశావా సిగ్గు, అన్నారాయన. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, జపాన్ మొత్తానికి గయ్యాళి పెళ్ళాన్ని ఇచ్చావు, నీకేమో మూగదాన్ని ఇచ్చాడు దేవుడు, అన్నారు.

నేను గుమ్మం పట్టుకుని నవ్వాను. లోపలికొచ్చేసరికి షిగె వెనక వైపు బావి దగ్గర నిలబడి ఉంది. చాలాసేపు రాలేదు.

1917 డిసెంబరు 3

షిగె చోషి వెళతానంది. అన్నయ్య ఇంట్లో కొన్నాళ్ళుంటుందట. సముద్రపు గాలి పీల్చాలని ఉందట. అక్కడ సినిమా హాలు లేదు కదండీ, అంది.

కొత్త సంవత్సరానికి ఒకుమా సినిమా మూడు హాళ్ళలో పడుతోంది. తర్వాతి దానికి నా దగ్గర సరుకే లేదు. ఆమె కళ్ళెదురుగా లేకపోతే నేనెక్కడికి పోవాలి? పండగ అయ్యాక చూద్దాం అన్నాను.

సరే అంది. మళ్ళీ అడగలేదు. నేను గుర్తు చేయలేదు.

1918 ఫిబ్రవరి 25

ఒసాకాలో ఆరు వారాలు ఆడిందట. ఇవాసే నన్ను ఇప్పుడు ఉమెకిచి గారూ అంటున్నాడు.

1918 నవంబరు 4

ఊళ్ళో కొత్త జ్వరం. స్పెయిన్ జ్వరమట. మా సందులో ఐదిళ్ళకి తాళాలు. ట్రాముల్లో అందరి ముఖాలకీ మాస్కులు. చితులు చాలక శవాలని పక్క ఊళ్ళకి పంపుతున్నారని ఒతాకి అక్క చెప్పింది. ఆమె తమ్ముడు పోయాడు.

అయినా హాళ్ళు తెరిచే ఉన్నాయి. కొత్త ఒకుమా సినిమాకి వెళ్ళాను. సగం కుర్చీలు ఖాళీ. మొదటిసారి దగ్గే సీను రాగానే కొసుయి గారు అలవాటు కొద్దీ ఖళ్ ఖళ్ అన్నారు. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక ముసలాయన లేచి బయటకి వెళ్ళిపోయాడు. తర్వాత ఒక తల్లి. మూడోసారికి ఎవడో, సిగ్గు లేదట్రా మీకు, అని తెర మీదకి చెక్క చెప్పు విసిరాడు. నా ముఖం మీద తగిలింది. నాకు కాదు, ఒకుమాకి.

కొసుయి గారు తర్వాత దగ్గు వచ్చిన ప్రతిచోటా తుమ్మారు. అది ఇంకా ఘోరం.

1919 జనవరి 16

ఒకుమా సినిమాలన్నీ హాళ్ళ నుంచి వెనక్కి తెప్పించారు. కొత్తవి తీయరట. ఏ దగ్గుతో పైకొచ్చానో ఆ దగ్గే ముంచింది.

షిగెకి చెప్పాను. ఆమె కుట్టుపని ఆపి నా వైపు చూసింది. చాలా కాలం తర్వాత నిండుగా చూసింది. పోనీలెండి, అంది. అన్నం రెండోసారి వడ్డించింది. ఆ పూట ఇద్దరం బాగా తిన్నాం.

1919 మే 9

మగవాళ్ళు ఆడవేషం కట్టే రోజులు పోయాయట. ఆడవాళ్ళ పాత్రలు ఇంక ఆడవాళ్ళే వేస్తారట. ఫుసాయె అనే అమ్మాయిని తెచ్చారు. ఇరవై ఏళ్ళు, ఆడపిల్లల బడిలో చదువు, సన్నటి మెడ. నా ఉద్యోగం ఏమిటంటే, ఆమెకి ఆడదానిలా నడవడం నేర్పాలి.

హాస్యం కాదు. ఆమె నడిచింది. ఇవాసే కుర్చీలోంచి లేచి, ఆడదానిలా లేదమ్మా, ఉమెకిచి గారిని చూసి నేర్చుకో, అన్నాడు. కెమెరా వాడు కూడా తలూపాడు. ఆ పిల్ల ఏడుపు మింగుకుని, అలాగే మాస్టారూ, అని నా ముందు వంగి దండం పెట్టింది. తాడు పళ్ళలో పట్టుకోవడం నేర్పాను. ముడి వేసేటప్పుడు మోచెయ్యి పైకి లేవాలమ్మా అని వెనక నిలబడి మోచెయ్యి పట్టుకున్నాను.

అప్పుడు ఎందుకో చెయ్యి వదిలేశాను.

1919 జూన్ 1

నిన్న ఫుసాయె ఇంటికొచ్చి భోజనం చేసి వెళ్ళింది. ఇవాళ అందరి ముందూ అంది, మాస్టారు గారి భార్య అసలు ఒకుమాలా లేరు, ఎంత నెమ్మది, నీడలా ఉన్నారు, మాస్టారు అంతా ఊహలోంచే పుట్టించారంటే నమ్మలేకపోతున్నాను, అని.

అందరూ మెచ్చుకున్నారు. నాకు పొగడ్తలంటే ఇష్టం. ఇది గొంతు దిగలేదు.

1919 అక్టోబరు 21

ఒతాకి అక్క తలుపు కొట్టకుండానే వచ్చింది. చేతిలో గుడ్డల మూట. ఇళ్ళ వెనక బావి దగ్గర, రాళ్ళ కింద దొరికిందట. అన్నీ షిగె కిమోనో చేతుల కొసలు. కత్తిరించినవి. ఉతికినా పోని రక్తం. కొన్ని పాతబడి నల్లగా అయ్యాయి.

నాకు గుర్తొచ్చింది. మా ఆవిడ కిమోనో చేతులు ఏటా పొట్టివవుతున్నాయి. పొదుపు అనుకున్నాను.

1919 అక్టోబరు 22

డాక్టరు వచ్చాడు. క్షయ. రెండు ఊపిరితిత్తులూ పోయాయి. జబ్బు మొదలై మూడేళ్ళ పైమాటే అన్నాడు. ఇన్నాళ్ళూ ఈమె దగ్గు మీరెవరూ వినలేదా, ఒకే గదిలో పడుకుంటారు కదా, అని నా వైపు చూశాడు. తర్వాత నన్ను గుర్తుపట్టాడు. సంచి సర్దుకున్నాడు. విడిగా పక్క వేసుకోమని, గిన్నెలు విడిగా పెట్టమని చెప్పి వెళ్ళిపోయాడు.

మూడేళ్ళుగా ఈ ఇంట్లో దగ్గు లేదు. దగ్గు నా దగ్గర ఉంది. ఆమె కోపానికి ముందు వచ్చే ఆ రెండు దగ్గులు ఎప్పుడు అలవాటు కాకుండా పోయాయో, ఎప్పుడు జబ్బయ్యాయో నాకు తెలియదు. నేను చూస్తూనే ఉన్నాను. కళ్ళార్పకుండా చూస్తూనే ఉన్నాను.

1919 నవంబరు 30

చోషి తీసుకెళతానన్నాను. ఇప్పుడెందుకండీ, రైలు కుదుపుకి దగ్గొస్తుంది, రైల్లో అందరూ చూస్తారు, అంది.

పక్క విడిగా వేయలేదు.

1920 జనవరి 28, ఉదయం 10 గంటలు

ఇది రాయకూడదు. రాస్తున్నాను.

మంచు కురుస్తోంది. గంజి తాగిస్తున్నాను. షిగె గిన్నె తోసేసింది. కిమోనో చేతిని నోట్లోకి తీసుకోబోయింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. దగ్గవే, ఎవరూ లేరు, గట్టిగా దగ్గు తల్లీ, నీకు పుణ్యముంటుంది, అన్నాను.

దగ్గింది.

నేను నాలుగేళ్ళు ఊరు ఊరంతటినీ దగ్గి నవ్వించాను. అంతా తప్పు. భుజాలు కదలవు. భుజాలు అసలు కదలవు. పొట్ట మడతపడుతుంది, ఎవరో లోపల్నించి తాడు పట్టి లాగినట్టు. చెయ్యి నోటి దగ్గరకి వెళ్ళదు, కింద చాపని పట్టుకుంటుంది. గోళ్ళు చాపలోకి దిగుతాయి. అయిపోయాక కళ్ళు గది మొత్తం తిరుగుతాయి, ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు.

అప్పుడు చూసుకున్నాను. నా కుడి చెయ్యి చాపని పట్టుకుని ఉంది. నా వేళ్ళు వంగి ఉన్నాయి, సరిగ్గా ఆమె వేళ్ళలా. నా పొట్ట మడతపడి ఉంది. నేను కావాలని చేయలేదు. ఆ దేవుడి మీద ఒట్టు, కావాలని చేయలేదు.

షిగె తిరుగుతున్న కళ్ళు నా చేతి మీదకి వచ్చి ఆగాయి.

ఇది కూడానా, అంది.

గోడ వైపు తిరిగి పడుకుంది.

1920 ఫిబ్రవరి 9

పొద్దున షిగె పోయింది. చప్పుడు లేదు.

1920 ఫిబ్రవరి 11

ఇంటి నిండా జనం. ఒతాకి అక్క వంటకి దిగింది. తాడు కొస పళ్ళ మధ్య పట్టుకుని, అది ఉండగానే మాట్లాడుతూ, బియ్యం ఎంత పొయ్యాలో ఎవరికో చెబుతోంది. మోచెయ్యి పైకి లేచింది.

అక్కా, అది ఎవరి దగ్గర నేర్చుకున్నావు, అన్నాను. ఏది నాయనా, ఇదా, సినిమాలో మీ ఒకుమా దగ్గరే, అంది.

తొమ్మిదేళ్ళు పక్కింట్లో ఉన్న మనిషి. గోడకి ఇవతల షిగె రోజూ అలా కట్టుకునేది.

1920 ఏప్రిల్ 2

ఇవాసే మొగవేషం ఇచ్చాడు. ఒక గుమాస్తా, తలుపు తీసుకుని గదిలోకి రావాలి, అంతే. ఆరుసార్లు తీశారు. మగాడిలా నడవవయ్యా, నీలా నడువు చాలు, అన్నాడు. నాలా ఎలా నడుస్తానో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

1920 జూన్ 17

ఎండ. స్టూడియోకి రమ్మని మనిషిని పంపారు.

ఇవాసే పెద్ద సినిమా తీస్తున్నాడు. నవ్వులాట కాదు, కళ. క్షయతో చనిపోయే భార్య కథ. ఫుసాయె ఆ భార్య. వారం నుంచి ఒకే సీను. ఆమె ఎంత దగ్గినా ఇవాసేకి నచ్చడం లేదు. పిల్ల గొంతు పుండైంది. నన్ను చూడగానే, మాస్టారూ మీరే కాపాడాలి, అని చేతులు పట్టుకుంది. ఇవాసే నా భుజం మీద చెయ్యి వేశాడు. మీ ఇంట్లో జరిగింది నాకు తెలుసు, అడగకూడదు, కానీ ఈ పని చెయ్యగలిగినవాడు జపాన్‌లో నువ్వొక్కడివే, ఇది నేర్పావంటే నీ పేరు టైటిల్లో వేస్తాను, ఇకనుంచి ఈ స్టూడియోలో ఆడవాళ్ళందరికీ నువ్వే మాస్టారువి, అన్నాడు. గొంతు తగ్గించి, అసలైంది నువ్వు చూశావు కదా, అన్నాడు.

చూశాను. నా ఒంట్లోనే ఉంది. చాప పరిచి ఉంది, పరుపు వేసి ఉంది, పైన గాజులోంచి ఎండ పడుతోంది. కూర్చుంటే చాలు. ఐదు నెలలుగా నా చేతివేళ్ళు ఎక్కడ చాప కనబడితే అక్కడ వంగుతున్నాయి. ఒక్కసారి చేసి చూపిస్తే దేశం మొత్తం ఏడుస్తుంది. ఆమె కోసమే ఏడుస్తారు కదా, అని కూడా అనుకున్నాను. అంత నీచంగా ఆలోచించాను.

చేతులు రెండూ కిమోనో లోపలికి ముడుచుకున్నాను.

నాకు దగ్గడం రాదు, అన్నాను.

కెమెరా వాడు పకపకా నవ్వాడు. అంతే, రంగు వేసేవాళ్ళు, బల్లలు మోసేవాళ్ళు, అందరూ నవ్వారు. ఒకుమాకి దగ్గు రాదట్రోయ్, అని ఎవరో అరిచారు. ఫుసాయె కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇవాసే కళ్ళు తుడుచుకుంటూ, చంపావయ్యా, ఇంక పట్టు, మొదలుపెట్టు, అన్నాడు.

నిజంగానే రాదండీ, అని వంగి దండం పెట్టాను. ఇంకా నవ్వారు. అసకుసా హాల్లో కూడా ఎప్పుడూ అంత నవ్వించలేదు. గేటు దాటేదాకా ఆ నవ్వు వినబడుతూనే ఉంది. నవ్వు ఆగాక ఏమనుకున్నారో తెలియదు. ఎవరూ మళ్ళీ మనిషిని పంపలేదు.

1920 అక్టోబరు 30

ఫుసాయె సినిమా వచ్చిందట. భుజాలెగరేసి దగ్గిందట. జనం ఏడ్చారట. మంచిదే.

1921 జనవరి 12

చోషి వచ్చాను. షిగె అన్నయ్య వెనక గది ఇచ్చాడు. గాలి ఎక్కువ.

1921 మార్చి 3

పొద్దున దగ్గొచ్చింది. భుజాలు కదల్లేదు. దగ్గేముందే లేచి తలుపు మూశాను.

ఎవరూ చూడలేదు.